ప్రమాదం లేదనుకున్న వైరస్, పట్టించుకోని వేలు

(ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడతానంటే రక్త క్యాన్సర్ గురించో, ఫోలిక్ యాసిడ్ గురించో, బోదకాలు మందు గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది వేలు. చేతివేళ్ళకు అరుదుగా వచ్చే చర్మ క్యాన్సర్లు, వాటి వెనక ఉన్న వైరస్‌లు. ఇంత పెద్దాయన పేరు మీద ఇంత చిన్న అవయవమా అని అడగవచ్చు. అందుకు నాకు రెండు కారణాలున్నాయి.

మొదటిది నేరుగా ఆయన మందుకు సంబంధించింది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపించిన ఆయన బృందం అమినోప్టెరిన్ అనే మందును తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. గోరు కింద వారాల్లోనే పెరిగి ఎముకను కొరికేసే కెరటోఅకాంతోమా అనే గడ్డ ఒకటుంది. వేలు తీసెయ్యకుండా కాపాడాలని కొందరు వైద్యులు నేటికీ ఆ గడ్డలోకి మెథోట్రెక్సేట్‌ను సూదితో ఎక్కిస్తున్నారు. కాబట్టి వేలి దాకా ఆయన చెయ్యి ముందే వచ్చింది.

రెండో కారణం లోతైనది. ఫోలిక్ యాసిడ్ మనిషికి మేలుచేసే విటమిన్. అదే విటమిన్ జాతి పదార్థాలను లుకేమియా పిల్లలకు ఇచ్చినప్పుడు వాళ్ళ జబ్బు ఇంకా ఉధృతమవుతున్నట్టు ఫార్బర్‌కు అనిపించింది. అయితే దానికి ఎదురు పనిచేసే పదార్థం కావాలి అని ఆయన అడిగితే, లెడర్లీ బృందం అలాంటివి తయారుచేసి పంపింది. ఒక పదార్థం మంచిదా చెడ్డదా అన్నది ఏ కణంలో ఏం చేస్తున్నదో చూశాకే చెప్పాలని ఆ కథ నేర్పుతుంది. ఈ రోజు నేను వైరస్‌ల గురించి చెప్పబోయేదీ అదే. ఒక వైరస్‌కు ‘ప్రమాదం లేనిది’ అని మనం వేసిన ముద్ర, మనం ఎక్కడ వెతికామో అక్కడి వరకే చెల్లుతుంది.

గోరుచుట్టు అనుకుంటే

మన ఇళ్ళలో వేలి జబ్బులకు పేర్లూ ఉన్నాయి, చిట్కాలూ ఉన్నాయి. గోరు పక్కన వాచి సలుపుతుంటే గోరుచుట్టు. నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడుగుతారు. గోరు రంగుమారి పొడిపొడిగా రాలుతుంటే పుప్పిగోరు. గరుకుగా పైకి లేస్తే పులిపిరి. సున్నమూ సోడా కలిపి అద్దుతారు, లేదా గుర్రపు వెంట్రుకతో బిగించి కడతారు. నూటికి తొంభై తొమ్మిది సార్లు అని లెక్క కట్టి చెప్పలేను గానీ, చాలా సందర్భాల్లో ఈ పేర్లు సరైనవే. పిల్లల చేతి పులిపిర్లు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి కూడా.

చిక్కు ఎక్కడొస్తుందంటే, వేలి క్యాన్సర్‌కు తనదంటూ ఒక రూపం లేదు. అది ఈ మూడింటిలో ఏదో ఒక వేషం వేసుకుని వస్తుంది. నడివయసు దాటిన మనిషి. ఒకే వేలు, ఎక్కువగా బొటనవేలో చూపుడువేలో మధ్యవేలో. గోరు అంచున పొలుసులు కట్టిన గరుకు మచ్చ. దాని మీద ఒక పగులు. కొన్నాళ్ళకు గోరు పక్క నుంచి లేచి విడిపోతుంది, తేమ ఊరుతుంది. నొప్పి పెద్దగా ఉండదు. యాంటీబయాటిక్ వేస్తారు, ఫంగస్ మందు రాస్తారు, పులిపిరి అని కాలుస్తారు. కాస్త తగ్గినట్టుంటుంది, మళ్ళీ వస్తుంది. ఇలా సంవత్సరాలు గడిచిపోయాక ఎవరో ఒకరు ముక్క పరీక్ష చేయిస్తారు.

ఆ ముక్కలో ఎక్కువగా కనిపించేది చర్మం పైపొర కణాల క్యాన్సర్, స్క్వామస్ సెల్ కార్సినోమా. అది ఇంకా పైపొరలోనే ఉండి లోపలికి దిగకపోతే బోవెన్ వ్యాధి అంటాం. బోస్టన్ చర్మవైద్యుడు జాన్ టెంపుల్టన్ బోవెన్ 1912లో ఇద్దరు రోగులను పరీక్షించి దాన్ని వర్ణించాడు. పైపొర దాటి దిగితే వేలి చివర దానికి అడ్డం ఎక్కువ లేదు. చర్మం కింద కొద్ది మిల్లీమీటర్లలోనే ఎముక ఉంటుంది. దూరపు అవయవాలకు పాకడం అరుదే. కానీ ఎముకను పట్టిందంటే వేలి కణుపు పోగొట్టుకోవలసి రావచ్చు. కుట్టుపని చేసేవాళ్ళకు, వీణ వాయించేవాళ్ళకు, కంప్యూటర్ మీద బతికేవాళ్ళకు అది చిన్న నష్టం కాదు.

ఎక్స్‌రేల నుంచి వైరస్‌ల దాకా

వేలి క్యాన్సర్లకు వైరస్ కారణమని వైద్యలోకం మొదట అనుకోలేదు. అనుకోవడానికి అవసరమూ లేకపోయింది, ఎందుకంటే కళ్ళెదుట వేరే కారణాలు కనిపించాయి. 1895లో రోంట్‌గెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టిన కొత్తలో, యంత్రం సరిగా పనిచేస్తుందో లేదో చూడటానికి పనివాళ్ళు తమ చేతినే అడ్డం పెట్టేవారు. 1902లోనే హాంబర్గ్‌లో ఫ్రీబెన్ అనే వైద్యుడు ఎక్స్‌రే గొట్టాల కర్మాగారంలో పనిచేసే ఒకతని చేతిమీద క్యాన్సర్‌ను నమోదు చేశాడు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ, చేతులు క్యాన్సర్ పాలై, కోత మీద కోత పడి, 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ తర్వాత ఎక్స్‌రేల జోలికి పోలేదు. ఆ తొలి తరం మృతుల పేర్లతో 1936లో హాంబర్గ్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రి ఆవరణలో స్మారక స్తంభం నిలిపారు. అలాగే నీటిలోనో మందులోనో ఏళ్ళ తరబడి ఆర్సెనిక్ లోపలికి వెళ్ళినవారి అరచేతుల్లో కాయలు కాచి, వాటిలో కొన్ని క్యాన్సర్లుగా మారడం పాతకాలం నుంచే తెలుసు. తారు, ఎండ, కాలిన మచ్చలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

వైరస్ కథ ఇంకో దారిలో నడిచింది. 1907లో ఇటలీలో జుసెప్పె చుఫో పులిపిరిని నూరి, కణాలూ సూక్ష్మక్రిములూ దాటలేని వడపోతలో వడకట్టి, ఆ రసాన్ని తన చేతికే ఎక్కించుకున్నాడు. అక్కడ పులిపిరి లేచింది. అంటే పులిపిరికి కారణం బ్యాక్టీరియా కన్నా చిన్నది. 1933లో రిచర్డ్ షోప్ అమెరికా అడవి కుందేళ్ళ కొమ్ముల్లాంటి గడ్డలకు ఇలాంటి వైరసే కారణమని చూపించాడు. ఆ గడ్డలు క్యాన్సర్లుగా మారగలవని పేటన్ రౌస్ నిరూపించాడు. కోడి క్యాన్సర్‌ను వడకట్టిన రసంతో అంటించవచ్చని ఇదే రౌస్ 1911లో చెబితే పెద్దగా ఎవరూ నమ్మలేదు. నోబెల్ అతన్ని చేరింది 1966లో.

మనుషుల్లో పులిపిరి వైరస్‌లు, అంటే పాపిలోమా వైరస్‌లు, క్యాన్సర్ తేగలవనడానికి తొలి ఆధారం చర్మం నుంచే వచ్చింది. 1922లో స్విట్జర్లాండ్‌లో లెవాండొవ్‌స్కీ, లుట్జ్ అనే వైద్యులు, చిన్నతనం నుంచి ఒళ్ళంతా పులిపిర్లతో నిండిపోయే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధిని వర్ణించారు. దాని పేరు ఎపిడెర్మోడిస్‌ప్లేసియా వెర్రూసిఫార్మిస్. ఇండోనేషియాలో, బంగ్లాదేశ్‌లో ‘చెట్టు మనుషులు’ అంటూ మన టీవీలు చూపించిన చేతులు మీకు గుర్తుండే ఉంటాయి. వాటికీ ఈ జబ్బు పేరే చెప్పారు. ఈ రోగుల్లో చాలామందికి ఎండ తగిలే చోట పులిపిర్లు క్యాన్సర్లుగా మారతాయి. వార్సాలో స్టెఫానియా యాబ్లోన్‌స్కా, పారిస్‌లో జెరార్డ్ ఓర్త్ కలిసి 1970లలో ఆ పులిపిర్లలో మామూలు రకాలకు భిన్నమైన పాపిలోమా వైరస్‌లను, ముఖ్యంగా 5, 8 రకాలను గుర్తించారు. 2002లో దానికి కారణమైన జన్యువులు కూడా దొరికాయి. అదే వైరస్ మనలో చాలామంది చర్మం మీద ఉంటుంది, ఏమీ చెయ్యదు. ఆ జన్యులోపం ఉన్నవారిలో మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. ప్రమాదం ఉందా లేదా అన్నది వైరస్ ఒక్కటే తేల్చదని వైద్యానికి అర్థమైన తొలి ఘట్టాల్లో ఇదొకటి.

ఆ తర్వాత జర్మనీలో హారాల్డ్ జుర్ హౌసెన్ 1983లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి 16వ రకం హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను, మరుసటి ఏడాది 18వ రకాన్ని వేరుచేశాడు. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ వైరస్‌నే ఇక నుంచి వాడుకలో ఉన్నట్టు హెచ్‌పీవీ అంటాను. 200 పైగా రకాలున్నాయి. ఒక్కొక్కటీ దాదాపు 8,000 అక్షరాల డీఎన్‌ఏ వలయం, అంతే.

16వ రకం వేలిలో ఏం చేస్తోంది?

వేళ్ళ మీది మామూలు పులిపిర్లకు కారణం 1, 2, 4, 27, 57 వంటి రకాలు. మాంసం కోసేవారి, చేపలు శుభ్రంచేసేవారి చేతుల మీది పులిపిర్లలో 7వ రకం ఎక్కువగా దొరుకుతుంది. ఇవన్నీ చర్మపు రకాలు. 16వ రకం మాత్రం జననాంగాల జాతి. కాబట్టి చేతిలో దాని కోసం వెతకాలని చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

1980ల చివర అమెరికా వైద్యులు గోరు చుట్టూ వచ్చిన స్క్వామస్ సెల్ క్యాన్సర్లలో డీఎన్‌ఏ పరీక్షలు చేశారు. వాటిలో చాలావాటిలో 16వ రకం దొరికింది. 1989లో ఆ ఫలితం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. ఆ తర్వాత అనేక దేశాల్లో పరీక్షిస్తే అదే కథ. గోరు దగ్గరి బోవెన్ వ్యాధిలోనూ, స్క్వామస్ క్యాన్సర్‌లోనూ పెద్ద భాగం ప్రమాదకర రకాలతోనే ముడిపడి ఉంది. వాటిలో 16వ రకానిదే పైచెయ్యి. శరీరంలో మిగతాచోట్ల ఎండవల్ల వచ్చే స్క్వామస్ క్యాన్సర్లలో ఇలా ఉండదు. అంటే పేరు ఒకటే అయినా గోరు దగ్గరి క్యాన్సర్‌కు దగ్గరి చుట్టం బుగ్గమీది క్యాన్సర్ కాదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్.

2000లో స్వీడన్ పరిశోధకులు దీన్ని ఇంకా స్పష్టం చేశారు. ముందు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చి, తర్వాత కొన్నేళ్ళకు వేలికి క్యాన్సర్ వచ్చిన స్త్రీలను తీసుకుని, రెండు చోట్లా జననాంగ జాతి హెచ్‌పీవీలు ఉన్నాయని చూపారు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వైరస్ వేలి మీద ప్రయాణించి ఉంటుందన్నది సహజమైన ఊహ. గోరు పక్కన చర్మం చిట్లడం, గోరు కొరుక్కోవడం, ఎప్పుడూ తడిలో పనిచెయ్యడం వైరస్‌కు తలుపు తెరుస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. జననాంగ వైరస్ అనగానే మన సమాజం వేలెత్తి చూపడానికి సిద్ధమవుతుంది. హెచ్‌పీవీ లోకంలో అతి సాధారణమైన వైరస్‌లలో ఒకటి. పెళ్ళై కాపురం చేసుకుంటున్న చాలామందికి జీవితంలో ఏదో ఒకనాడు సోకుతుంది, వాళ్ళకు తెలియకుండానే పోతుంది. నూటికి కొద్దిమందిలో అది పోకుండా ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. క్యాన్సర్ వచ్చేది అలా నిలిచిన చోట. రోగి నడవడి గురించి ప్రశ్నలడగడం వల్ల ఆ వేలికి ఒరిగేదేమీ లేదు. స్త్రీ అయితే గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా చేయించుకోమని మర్యాదగా చెప్పడం మాత్రం వైద్యుడి బాధ్యత.

వైరస్ ఏం చేస్తుంది? దాని దగ్గర ఇ6, ఇ7 అని రెండు ప్రొటీన్లున్నాయి. మన కణం దెబ్బతిన్నప్పుడు విభజనను ఆపి, సరిచేయలేకపోతే కణాన్ని చంపేసే కాపలాదారు పి53. ఇ6 దాన్ని పట్టుకుని ముక్కలు చేయిస్తుంది. కణ విభజనకు పగ్గం వేసేది ఆర్‌బీ. ఇ7 ఆ పగ్గాన్ని వదులుచేస్తుంది. ఆర్‌బీ పోయిందన్న సంగతి కణానికి తెలిసి పి16 అనే ఇంకో ప్రొటీన్‌ను విపరీతంగా తయారుచేస్తుంది. అందుకే పాథాలజిస్టులు పి16కు రంగు వేసి చూస్తారు. ముక్కంతా గోధుమ రంగులో నిండిపోతే, హెచ్‌పీవీని అనుమానించాల్సిందే.

42వ రకం కథ

ఇప్పుడు ఈ ఉపన్యాసానికి గుండెకాయ లాంటి చోటికి వస్తున్నాను. డిజిటల్ పాపిల్లరీ అడినోకార్సినోమా అని ఒక క్యాన్సర్ ఉంది. ఇది చెమట గ్రంథుల జాతిది. ఎంత అరుదంటే చాలామంది పాథాలజిస్టులు జీవితకాలంలో ఒకటి చూస్తే గొప్ప. మగవాళ్ళకు, సుమారు యాభై ఏళ్ళ వయసులో, వేలి చివరి కణుపు దగ్గర, ఎక్కువగా అరచేతి వైపున నొప్పిలేని గుండ్రటి గడ్డగా వస్తుంది. కాలివేళ్ళకు తక్కువ. తిత్తిలాగా ఉంటుంది. ‘ఏం లేదు, తీసేస్తే సరి’ అని తీసేస్తారు. కొన్నాళ్ళకు అక్కడే మళ్ళీ వస్తుంది. కొందరిలో ఎన్నో ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల్లో తేలుతుంది.

1987లో వాషింగ్టన్‌లోని సైనిక పాథాలజీ సంస్థకు చెందిన కావో, హెల్విగ్, గ్రాహం 57 మంది రోగుల ముక్కలను పోగుచేసి దీన్ని వివరంగా వర్ణించారు. అప్పట్లో కొన్నిటిని మామూలు గడ్డలనీ, కొన్నిటిని క్యాన్సర్లనీ విడదీశారు. 2000లో డ్యూక్, సహచరులు 67 మందిని మళ్ళీ పరిశీలించి, సూక్ష్మదర్శినిలో నెమ్మదిగా కనిపించేవి కూడా పాకుతున్నాయని చూపి, అన్నిటినీ క్యాన్సర్‌గానే లెక్కించాలన్నారు. ‘ప్రమాదం లేనిది’ అనే ముద్ర ఈ జబ్బు విషయంలో చెరిగిపోవడం అది మొదటిసారి.

రెండోసారి వియన్నాలో. అక్కడి అణు పాథాలజీ పరిశోధనా సంస్థలో అన్నా ఓబెనౌఫ్, లూకాస్ లైయెన్‌డెకర్‌ల బృందం, వియన్నా వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ వీస్నర్ మొదలైనవారు ఈ గడ్డల జన్యు సమాచారాన్ని చదివారు. మామూలు క్యాన్సర్లలో దొరికే జన్యుమార్పుల కోసం చూస్తే, ఇంత ఉధృతమైన జబ్బుకు సరిపడా కారణం అక్కడ కనిపించలేదు. కానీ మనిషివి కాని అక్షరాలు కనిపించాయి. హెచ్‌పీవీ 42. దాదాపు ప్రతి గడ్డలోనూ. ఆ వ్యాసం ‘క్యాన్సర్ డిస్కవరీ’ పత్రిక 2023 సంపుటంలో వచ్చింది.

42వ రకం అంటే ఏమిటో గుర్తు చెయ్యాలి. అది జననాంగాల్లో తరచుగా దొరికే వైరస్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దానికి పాత్ర కనబడలేదు కాబట్టి ‘తక్కువ ప్రమాద’ జాబితాలో పడింది. స్త్రీలకు చేసే హెచ్‌పీవీ స్క్రీనింగ్ పరీక్షలు ప్రమాదకర రకాలను మాత్రమే వెతుకుతాయి, 42ను వెతకవు. ఆ చోటికి అది సరైన నిర్ణయమే. పొరపాటు ఎక్కడంటే, ఒక అవయవంలో వచ్చిన జవాబును మనం ఒళ్ళంతటికీ వర్తింపజేశాం. గర్భాశయ ముఖద్వారాన్ని ఏమీ చెయ్యని వైరస్ వేలి చెమటగ్రంథిని క్యాన్సర్‌గా మార్చగలదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ వేలిని ఎవరూ పరీక్షించలేదు.

ఈ బృందం ఇంకో అడుగు వేసింది. 42 వల్ల వచ్చిన ఈ వేలి క్యాన్సర్, 16, 18 వల్ల వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, గొంతు వెనకభాగంలో వచ్చే హెచ్‌పీవీ క్యాన్సర్, వీటన్నిటినీ కంప్యూటర్‌తో పోల్చి చూసింది. మామూలుగా బీజకణాల్లో మాత్రమే పనిచేసే జన్యువులు కొన్ని ఈ మూడింటిలోనూ మేలుకొని ఉన్నాయి. వాటిలో రెండే రెండు, పి16ను తయారుచేసే సీడీకేఎన్2ఏ, క్రోమోజోములు జతకట్టే పనిలో ఉండే ఎస్‌వైసీపీ2, చూసి ఇది హెచ్‌పీవీ క్యాన్సరే అని పసిగట్టవచ్చు. వేలిలో మొదలైన ప్రశ్న గర్భాశయ ముఖద్వారానికీ, గొంతుకూ పనికొచ్చే జవాబు తెచ్చింది. అరుదైన జబ్బుల మీద డబ్బు ఎందుకు ఖర్చు పెట్టాలని అడిగేవారికి ఇదే నా సమాధానం.

సంబంధమా, కారణమా?

విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక. గడ్డలో వైరస్ దొరికినంత మాత్రాన గడ్డకు వైరస్ కారణమని కాదు. చర్మం మీద వైరస్‌లు ఎప్పుడూ ఉంటాయి. కారణం అనడానికి కొన్ని మెట్లు ఎక్కాలి. ఆ జాతి గడ్డల్లో దాదాపు అన్నిటిలో ఉండాలి, పోల్చిచూసే ఇతర గడ్డల్లో ఉండకూడదు. గడ్డలోని ప్రతి కణంలో ఉండాలి. వైరస్ తన ఇ6, ఇ7 లను అక్కడ నిజంగా తయారుచేస్తుండాలి. అవి కణం కాపలాను దెబ్బతీసిన గుర్తులు కనపడాలి. 42, 16 రకాలు వేలిలో ఈ మెట్లు ఎక్కాయి.

ఈ పద్ధతికి దారి వేసింది మెర్కెల్ కణ క్యాన్సర్. మెర్కెల్ కణాలను 1875లో ఫ్రీడ్రిక్ మెర్కెల్ వర్ణించాడు. స్పర్శను పట్టే ఈ కణాలు వేలికొనల్లో దట్టంగా ఉంటాయి. వాటి పేరుతో పిలిచే క్యాన్సర్ అరుదైనది, ఎక్కువగా తల మీద, మెడ మీద, కొన్నిసార్లు చేతుల మీద వస్తుంది. 2008లో పిట్స్‌బర్గ్‌లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ బృందం ఆ గడ్డలోని జన్యు సందేశాలన్నిటినీ చదివి, చేటలో బియ్యం చెరిగి బెడ్డలను వేరుచేసినట్టు, మనిషివని తెలిసినవన్నీ తీసేసి మిగిలినదాన్ని చూసింది. ఒక కొత్త పాలియోమా వైరస్ దొరికింది. పదింట ఎనిమిది మెర్కెల్ క్యాన్సర్లలో అది ఉంటుంది. ముందే జాబితా పెట్టుకుని వెతికితే జాబితాలో ఉన్నవే దొరుకుతాయి. ఉన్నదంతా చదివితే ఊహించనిది దొరుకుతుంది.

అలాగని ప్రతి వేలి క్యాన్సర్‌కూ వైరస్‌ను అంటగట్టకూడదు. గోరు కింద వచ్చే మెలనోమాకు వైరస్‌తో సంబంధం లేదు. గోరులో నల్లచార వెడల్పవుతూ, ఆ నలుపు గోరు మొదలు దగ్గరి చర్మం మీదికి పాకితే దాన్ని హచిన్సన్ గుర్తు అంటాం. లండన్‌కు చెందిన జొనాథన్ హచిన్సన్ 1886లో దాన్ని చెప్పాడు. మన చామనఛాయ వాళ్ళలో పలు గోళ్ళకు సన్నని నల్లచారలు సహజం, భయపడనక్కర్లేదు. ఒక్క గోరుకే కొత్తగా వచ్చి మారుతున్న చారను చూపించుకోవాలి. చిత్రమేమిటంటే, 56వ రకం హెచ్‌పీవీ వల్ల వచ్చే బోవెన్ వ్యాధి కూడా గోరులో ఇలాంటి నల్లచారగా కనిపించగలదని జపాన్ వైద్యులు చూపించారు. కంటితో చూసి తేల్చడం ఎంత కష్టమో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఎప్పుడు చూపించుకోవాలి?

నేను చెప్పేది సులువైన నియమం. నలభై దాటిన మనిషి, ఒకే వేలు, మందులు వాడుతున్నా రెండు మూడు నెలల్లో మానని గోరుచుట్టు, పులిపిరి, పుప్పిగోరు, గడ్డ, ఏదైనా సరే, ముక్క పరీక్ష జరగాలి. వేళ్ళన్నిటికీ ఉన్న ఫంగస్ వేరు, ఒక్క వేలినే పట్టుకుని వదలనిది వేరు. రోగనిరోధక శక్తి తక్కువున్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, హెచ్ఐవీ ఉన్నవారు ఇంకా ముందే రావాలి. పులిపిరి అని గట్టిగా నమ్మకం లేనిదాన్ని యాసిడ్‌తోనో కరెంటుతోనో కాల్చకండి. కాల్చితే పరీక్షకు పనికొచ్చే ముక్క మిగలదు, లోపలిది లోపలే పెరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ముక్క తీసేటప్పుడు పైపైన గీకితే చాలదు. గోరు కింది మెత్తటి పొర (నెయిల్ బెడ్) దాకా వెళ్ళాలి. పాథాలజిస్టు పి16కు రంగు వెయ్యాలి. చెమటగ్రంథి జాతి గడ్డ అయితే 42వ రకం కోసం ప్రత్యేకంగా అడగాలి, మామూలు కిట్‌లో అది ఉండదు. ఎముక సంగతి ఎక్స్‌రే చెబుతుంది.

బోవెన్ వ్యాధికీ, లోతుకు దిగని స్క్వామస్ క్యాన్సర్‌కూ మోస్ పద్ధతి మంచిది. ఫ్రెడరిక్ మోస్ 1930లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన ఈ శస్త్రచికిత్సలో పొర తీసి, అక్కడికక్కడే అంచులన్నీ సూక్ష్మదర్శినిలో చూసి, క్యాన్సర్ ఉన్న వైపే మళ్ళీ పొర తీస్తారు. వేలి దగ్గర ప్రతి మిల్లీమీటరూ విలువైనది కాబట్టి ఈ ఓపిక అవసరం. ఎముక పట్టినప్పుడు, చెమటగ్రంథి క్యాన్సర్ విషయంలో తరచుగానూ, చివరి కణుపు తీయాల్సి వస్తుంది. ఆ రోగులను ఐదేళ్ళతో వదిలెయ్యకూడదు. ఊపిరితిత్తుల మీద కన్ను చాలా ఏళ్ళు ఉండాలి.

టీకా మాట

16వ రకం వేలి క్యాన్సర్‌కు కారణమైతే, 16ను ఆపే టీకా వేలినీ కాపాడాలి కదా? తర్కం అదే చెబుతుంది. 2006 నుంచి వచ్చిన హెచ్‌పీవీ టీకాలన్నీ 16, 18 రకాలను ఆపుతాయి. 2022లో అనుమతి పొందిన మన సీరం ఇన్‌స్టిట్యూట్ టీకా సెర్వావ్యాక్ 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. 42 మాత్రం ఏ టీకాలోనూ లేదు.

టీకా అనగానే తెలుగు వాళ్ళకు ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. గుజరాత్‌లోని వడోదరలో కూడా. కొందరు పిల్లల మరణాలు, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన తీరు వివాదమై 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ పేద గిరిజన పిల్లల విషయంలో సమ్మతిని అలా తీసుకోవడం తప్పేనని 2013లో పార్లమెంటరీ సంఘం నిర్మొహమాటంగా చెప్పింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ వివాదం వల్ల దేశంలో వేరే హెచ్‌పీవీ పరిశోధన కూడా మధ్యలో ఆగింది. అందులో కొందరు పిల్లలకు ఒక్క డోసే పడింది. వాళ్ళను ఏళ్ళ తరబడి గమనిస్తే, ఒక్క డోసు కూడా మంచి రక్షణ ఇస్తోందని తేలింది. 2022లో ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారపడిన పరిశోధనల్లో మన దేశపుది ఒకటి. మంచి టీకాకూ నిజాయితీగల సమ్మతి కావాలి, అనుమానం తీర్చడానికి ఓపికగల లెక్కలు కావాలి. రెండూ వైద్యుల పనే.

చివరిగా విద్యార్థులకు మూడు పనులు అప్పగిస్తాను. వేలి గడ్డల ముక్కలను మీ విభాగంలో పారెయ్యకండి, పారాఫిన్ దిమ్మెలను దాచండి; వియన్నా పరిశోధన నిలబడింది అలా దాచిన ముక్కల మీదనే. కేసు ఎంత అరుదైనదైనా రాసి ప్రచురించండి. 57, 67 లాంటి అంకెలు ఒక్కొక్కరు పంపిన ఒక్కొక్క ముక్కతో కూడినవే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పాఠ్యపుస్తకంలో ఏ పదార్థానికైనా, ఏ సూక్ష్మజీవికైనా ‘ప్రమాదం లేనిది’ అని కనిపిస్తే, ఏ అవయవంలో చూసి ఆ మాట రాశారో అడగండి. ఆ ప్రశ్న అడగడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. మన ఆసుపత్రుల ఓపీలో రేపు పొద్దున గోరుచుట్టు అని వచ్చే మొదటి రోగితో మొదలుపెట్టవచ్చు.